కనికరానికి క్షమాపణ చెప్పని సత్యానందం అయ్యగారు

గత గురువారం తెల్లవారుజామున మా చర్చి సంఘ కాపరి, మా అక్క భర్త సత్యానందం అయ్యగారు నరసన్నపేటలో తుదిశ్వాస విడిచారు. కబురు అందే వేళకి నేను గరివిడిలో మా అమ్మాయి ఇంట్లో ఫలహారం ముందు కూర్చుని ఉన్నాను. మా అల్లుడు ఫ్యాక్టరీ గేటు దగ్గర నుంచి పరుగున వచ్చి, “మావయ్యా, పేట నుంచి లారీ డ్రైవరు కబురు తెచ్చాడు. అయ్యగారు పోయారట” అన్నాడు. “ఏ అయ్యగారు?” అన్నాను. తెలిసే అడిగాను. ఇంకెవరి పేరైనా చెబుతాడేమోనని ఆశ.

నిర్ఘాంతపోయానని, శోకసాగరంలో మునిగిపోయానని రాయడం ఇటువంటి వ్యాసాలలో మర్యాద. అబద్ధమెందుకు, నాకు ముందుగా కలిగింది భయం. బతికుండగా ఆయనతో అనవలసిన మాట ఒకటి నా గొంతులోనే ఉండిపోయింది. ఇక దాన్ని ఎక్కడికి తీసుకుపోను?

ఆయన విద్వత్తు ఎరగనివారి కోసం కొంచెం చెప్పాలి. సంఘ కాపరులను తయారుచేసే వేదపాఠశాలలో ఒక ముసలి దొరగారి దగ్గర హెబ్రీ అక్షరాలు దిద్దుకున్న నాటి నుంచి ఆ భాష ఆయనకు నిత్యానుష్ఠానం అయిపోయింది. ప్రవక్తల గ్రంథాలను మూలంలో చదివి, ఒక్కొక్క వాక్యాన్ని రోజుల తరబడి మననం చేసేవారు. కళ్ళు మసకలు కమ్మాక భూతద్దం పట్టుకున్నారు కానీ చదువు మానలేదు. “ఆ భాషలో కనికరానికీ తల్లి గర్భానికీ వేరు ఒకటే, బావా! దేవుడికి కడుపుతీపి ఉందని ఆ ప్రవక్తలకి తెలుసు. మన సంఘపెద్దలకే తెలీదు” అని నవ్వేవారు. ఆ పెద్దలలో, బడి మేస్టారునైన నేనూ ఒకణ్ణి. నేనూ నవ్వేవాణ్ణి, సిగ్గు లేకుండా.

పాండిత్యం ఎంత ఉన్నా ప్రసంగం మాత్రం కళ్ళంలో నిలబడి చెప్పినట్టే ఉండేది. నిజంగా కళ్ళంలోనే చెప్పిన సందర్భమూ ఉంది. వరినూర్పుల కాలంలో ఒక ఊళ్ళో హోషేయ ప్రవక్త కథ ఎత్తుకున్నారు. భార్య ఇల్లు విడిచి పరాయివాళ్ళ వెంట పోవడం, ఆయన వెతుక్కుంటూ వెళ్ళి మళ్ళీ తెచ్చుకోవడం వర్ణిస్తుంటే, చేటతో ధాన్యం ఎగరబోస్తున్న ఒకామె చెయ్యి ఆపి, “ఏటి అయ్యగారూ, అంత మంచి పెనిమిటి ఈ బూమ్మీద ఎక్కడ దొరుకుతాడు?” అంది. ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. “దొరకడనే కదమ్మా ఆయన కథ ఇన్నాళ్ళు నిలిచింది!” అని అయ్యగారు వాళ్ళతో పాటు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. ఆ రోజు ప్రసంగం అంతటితో ఆగిపోయింది. ఎవరికీ లోటనిపించలేదు.

పశ్చాత్తాపం గురించి ఆయనకు ఒక పట్టుదల ఉండేది. గుండెలు బాదుకుని ఏడ్చేవాళ్ళను చూస్తే విసుక్కునేవారు. “ఏడుపు ఎవడైనా ఏడుస్తాడు. వెనక్కి తిరిగాడా లేదా, అది చూడు” అనేవారు. యోనా ప్రవక్త ఆయనకు ప్రాణం. శత్రునగరాన్ని దేవుడు క్షమించేసరికి ఆ ప్రవక్త అలిగి ఊరిబయట కూర్చున్న ఘట్టం చెబుతూ, మా పెద్దల వరస వైపు చూసి, “దేవుడు శిక్షించాడని ఎవడూ అలగడు నాయనా! క్షమించాడనే అలుగుతాం” అనేవారు. మేం తలలూపేవాళ్ళం. ఎంత బాగా చెప్పారో అనుకుంటూ ఇంటికి పోయి భోంచేసేవాళ్ళం.

ఇక అసలు సంగతి. మా సంఘంలో కట్టడి ఒకటి ఉంది. తప్పు చేసినవాడికి బల్ల ఆపుతారు. అంటే నెలకోసారి జరిగే ప్రభురాత్రి భోజనంలో వాడికి రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు. గుమ్మం పక్క చాప మీద విడిగా కూర్చోవాలి. సంఘం ఎదుట నిలబడి తప్పు ఒప్పుకున్న రోజున మళ్ళీ బల్లకు చేరుస్తారు. మిల్లులో బస్తాలు మోసే అప్పన్నకు నిరుడు అలాగే బల్ల ఆపాం. కూతురికి జ్వరం తిరగబెట్టి మాట పడిపోతే, వాడు శ్రీకూర్మం గుడికి వెళ్ళి మొక్కుకుని వచ్చాడు. పిల్ల లేచి తిరిగింది. వేరే దేవుడికి మొక్కడం తప్పని ఒప్పుకోరా అంటే అప్పన్న లేచి, “పిల్ల బతికినాది బాబూ. దాన్ని సూస్తా సూస్తా తప్పు సేసినానని ఎలాగ సెప్పీది? అబద్ధమాడితే బల్లిస్తారేటి?” అన్నాడు. జవాబు తోచకపోతే పెద్దలు చేసే పనే మేమూ చేశాం. నియమం నియమమే అన్నాం.

అయ్యగారు ఆ నెల బల్లారాధన ముగియగానే రొట్టె ముక్క చేతిలో పెట్టుకుని తిన్నగా గుమ్మం దగ్గరకు వెళ్ళి, అప్పన్న నోటికి అందించారు. సంఘమంతా చూసింది. సాయంత్రానికల్లా పెద్దల కూటం కూర్చుంది. కాపరే కట్టడి తప్పితే ఎలా అన్నారు ఒకరు. అందరి కళ్ళూ నా మీదే. బావ కనుక వెనకేసుకొస్తాడని అనుకుంటున్నారని నాకు తెలుసు. ఆ మాట పడకూడదని, అందరికంటే ముందు నేనే చెయ్యెత్తాను. ఆయనకూ బల్ల ఆపాలన్నాను. చుట్టరికం చూసుకోని మేస్టారని అనిపించుకోవడానికి నా చుట్టాన్నే అప్పగించాను.

మర్నాడు ఆ నిర్ణయం చెప్పడానికి నన్నే పంపారు. అయ్యగారు వసారాలో పడకకుర్చీలో ఉన్నారు. అంతా విని, “సంఘం ఎదుట ఏమని ఒప్పుకోమన్నారు?” అని అడిగారు. తప్పు చేశానంటే చాలన్నాను. “జీవితమంతా పశ్చాత్తాపమే బోధించాను, బావా. కనికరించినందుకు పశ్చాత్తాపపడమంటే ఏ ప్రవక్త దగ్గర నేర్చుకోను?” అన్నారు. కోపం లేదు. లోపలికి కేకేసి నాకు కాఫీ తెప్పించారు. అది తాగి వచ్చాను.

అప్పటి నుంచి ఆరాధన పెద్దలు నడిపితే, ఆయన చాప మీద అప్పన్న పక్కనే కూర్చున్నారు. కీర్తనలు అందరికంటే గట్టిగా పాడేవారు. పళ్ళెం తమ దాకా రాకుండా వెనక్కి పోతుంటే తల వంచుకునేవారు. నేను ఆ పళ్ళెం పట్టుకుని తిరిగేవాణ్ణి. ఈ వారం మాట్లాడతాను, వచ్చే వారం మాట్లాడతాను అనుకుంటూనే నెలలు దొర్లించాను. ఈలోగా ఆయన గుండె ఆగింది.

సమాధి రోజున మా పెద్దలలో ఒకాయన ఆయన దయాగుణాన్ని ఎంతగానో శ్లాఘించారు. ఒళ్ళు మండిపోయింది. కానీ ఆ పెద్దని తప్పుపట్టే అర్హత నాకు మరీ లేదు కదా! పెట్టె ముందుకొన అప్పన్న మోశాడు. ఇంటికొచ్చాక మా అక్క నన్ను పిలిచి, “ఒరే, ఆయన నిన్ను ఒక్క మాట అన్లేదు. నన్నూ అననివ్వలేదు. ఇప్పుడు నాను అంటాను, ఇను. నువ్వు సెయ్యెత్తిన రోజు నుంచీ ఆయన ఆదివారం అన్నం సరిగ్గా తిన్లేదు” అంది. అంతకంటే నాలుగు దెబ్బలు కొట్టినా బాగుండేది.

మొన్న ఆదివారం బల్లారాధన. ముందుగా పెద్దలు లేచి, కీర్తిశేషులైన కాపరిగారి మీది ఆంక్ష ఎత్తివేస్తున్నామని ప్రకటించమని నాకు సైగ చేశారు. లేచాను. “పోయినవారిని క్షమించడానికి మనమెవరం? ఆయన చేసింది తప్పు కాదు. నేను చెయ్యెత్తడం తప్పు. జనానికి భయపడి ఎత్తాను” అన్నాను. ఏడ్చేశాను. ఆయన విసుక్కునే ఏడుపే అది, ఆపుకోలేకపోయాను. తిరిగి నా వరసకు పోలేక గుమ్మం దగ్గరకు నడిచాను. అప్పన్న పక్కకు జరిగి, “రండి మేస్టారూ, కూకోండి” అన్నాడు.

కీర్తన అయింది. రొట్టె విరిచారు. పళ్ళెం వరసలన్నీ తిరిగి, మా దాకా రాకుండానే బల్ల మీదికి వెళ్ళిపోయింది. నేను తలెత్తి చూస్తూనే ఉన్నాను. నియమాన్ని పక్కకు నెట్టి, ఒక ముక్క చేత పట్టుకుని నాలాంటి పాపి దగ్గరకు నడిచి రాగల మనిషి మా సంఘంలో ఒక్కరే ఉండేవారు. ఆయన్ని శుక్రవారం నాడు మట్టిలో పెట్టి వచ్చాం.