మిచికో గారి ధూపపాత్ర, నా చిల్లులు

అమెరికాలో రెడ్‌మండ్ వచ్చిన మొదటి ఏడాది నేను చేసిన ఘనకార్యం వాన చూడటం. డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. భీమవరంలో బయాలజీ పాఠాలు చెప్పినదాన్ని, ఇక్కడ మా ఆయన రత్నరాజు లంచ్ బాక్స్‌కి మూత బిగించడంలో నైపుణ్యం సంపాదించాను. నా వాలకం చూడలేక ఆయనే 2009లో కమ్యూనిటీ సెంటర్‌లో కుండల క్లాసుకి నా పేరు రిజిస్టర్ చేయించారు.

మా టీచర్ మిచికో హయాషి గారు. డెబ్బై దాటిన మనిషి. వయసులో ఉన్నప్పుడు పెళ్లి చేసుకుని జపాన్ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మొదటిరోజే తాను చేసిన ధూపపాత్ర చూపించారు. అరచేతిలో ఇమిడేంత ఉంది. మూడు పొట్టికాళ్లు, పైన మూత, పల్చటి తెల్లని గోడ చుట్టూ వెదురాకులు. ఆకుల మధ్య మట్టినంతా కోసి తీసేశారు. లోపల ధూపం వెలిగిస్తే ఆ సందుల్లోంచి పొగ వస్తుందన్నమాట. చూడగానే, ఇదెంత పని అనుకున్నాను. పిల్లల చేత కప్పల్ని కోయించినదాన్ని కదా.

మట్టి సగం ఆరినప్పుడే కోయాలి. తడిగా ఉంటే కుంగుతుంది, బాగా ఆరితే విరుగుతుంది. ఆ మధ్య సమయం నాకు ఎప్పుడూ దొరికేది కాదు. నా మొదటి పాత్ర ఒక పక్కకి ఒరిగి బూందీ గరిటెలా తయారైంది. తర్వాతది బట్టీలో పేలి, క్లాసులో ఇంకొకావిడ చేసి పెట్టిన పూలకూజాని కూడా తీసుకుపోయింది. అప్పటి నుంచి ఆవిడ నాతో వాతావరణం గురించి తప్ప మాట్లాడలేదు. చాలా రోజులకి ఒకటి ఎలాగో నిలబడింది. ఇంటికి తెస్తే, గాలి బాగా ఆడుతుందని మా ఆయన అందులో వెల్లుల్లి పోశారు.

ఆ వారం మా ఇంట్లో ప్రార్థన కూటం జరిగింది. సంఘపెద్ద షాలేం రాజు గారు దాన్ని చేతిలోకి తీసుకుని ఏమిటని అడిగారు. ధూపం వేసే పాత్ర అని గర్వంగా చెప్పాను. ఆయన దాన్ని వెంటనే బల్ల మీద పెట్టేశారు. మా క్రైస్తవుల్లో అగరొత్తి వెలిగించవచ్చా అన్నదే పెద్ద చర్చ. నేను తగ్గకుండా బైబిల్లోని నిర్గమకాండం ఎత్తుకుని, దేవుడు చెప్పి కట్టించిన ప్రత్యక్ష గుడారంలో ధూపవేదిక లేదా అని వాదించాను.

ఆయన ఓపికగా విన్నారు. "ఉందమ్మా. కానీ అందులో వెల్లుల్లి లేదు," అన్నారు.

మరుసటి వేసవిలో మిచికో గారి భర్త పోయారు. ఆయన ఫొటో ముందు పెట్టడానికి ఆవిడ కొత్త పాత్ర ఒకటి చేసి, ఆకులన్నీ పెన్సిల్‌తో గీసుకున్నారు. తీరా కోయబోతే చెయ్యి వణికింది. క్లాసు అయ్యాక నన్ను ఆగమని కత్తి నా చేతికిచ్చారు.

"నేను పాడుచేస్తానండీ," అన్నాను.

"నువ్వు పగలగొట్టినన్ని కుండలు పగలగొట్టినవాళ్లు ఈ క్లాసులో లేరు. మట్టి ఎక్కడ విరుగుతుందో నీకు తెలిసినంత వాళ్లకి తెలియదు," అన్నారావిడ.

అది పొగడ్తో తిట్టో తేల్చుకునే తీరిక లేకపోయింది. ఆవిడ రెండు చేతులతో పాత్రను మెల్లగా తిప్పుతుంటే నేను కోశాను. ఇక అయిపోయిందనుకుని ఊపిరి వదిలేసరికి ఒక ఆకు కొస తెగి బల్ల మీద పడింది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ తడివేలితో అంచు నున్నగా రాసి, "పురుగు కొరికిందిలే," అన్నారు.

బట్టీలో అది పగల్లేదు. వాళ్లింట్లో సంస్మరణకి మా దంపతులిద్దరినీ పిలిచారు. మిచికో గారు అందులో పోసిన బూడిద మీద వెలిగించిన ధూపం పెట్టి మూత వేస్తే, పొగ ఆకుల చుట్టూ సన్నగా పైకి లేచింది. దండం పెట్టాలో, తల వంచాలో తెలియక నేను అలవాటు ప్రకారం కళ్లు మూసుకుని తెలుగులో ప్రార్థన మొదలుపెట్టాను. హయాషి అన్న ఇంటిపేరు తప్ప ఆయన పేరేమిటో కూడా తెలియదు. అయినా ఆయన కోసం, ఆవిడ చేతుల కోసం, పనిలో పనిగా మా గ్రీన్ కార్డ్ కోసం కూడా అడిగాను. రత్నరాజు మోచేత్తో పొడిచారు.

"విమలా, ఆమెన్ అను. అందరూ నీకోసం వెయిట్ చేస్తున్నారు."

కళ్లు తెరిస్తే, టీ కప్పులు పట్టుకుని ఇంటిల్లిపాదీ మర్యాదగా నన్నే చూస్తున్నారు.