మూడు చక్రాల కారు

ఇబ్రహీంపట్నంలో పైథాన్ సారుకే పాఠం చెప్పినవాణ్ని నేను. మా మేడమీది గదిలో ఆయన పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్పేవాడు. అందులో క్లాసంటే వస్తువుకు రాసుకునే నమూనా; దాని నుంచి పుట్టించిన నమూనా పిల్ల క్లాసు. మాటకోసారి చూపుడువేలు ఎత్తి, "తండ్రి క్లాసుల ఉన్నది పిల్లకు దానంతటదే వస్తది. తేడా కావాల్నంటే పిల్ల క్లాసుల రాసుకోర్రి, తండ్రిని ముట్టకుర్రి" అనేవాడు.

ఓ రోజు కొత్తవాళ్ల కోసం డెమో పాఠం పెట్టాడు. ఎవరూ చేరకపోతే గది ఖాళీ చేయాల్సిందే. తండ్రి క్లాసు పేరు బండి, దానికి నాలుగు చక్రాలు. కారు, ఆటో దాని పిల్లలు. ఆటోకు మూడు చాలు. కంగారులో సారు తండ్రి దగ్గరే మూడు అని కొట్టాడు. తెరమీద కారుకూ మూడే వచ్చాయి. సారు ఎత్తిన వేలు మాత్రం దిగలేదు.

"ఆటోల రాయాలె సారూ!" అని అరిచాను. నిజానికి అరిచింది డెమో చూడవచ్చిన రావిర్యాల అమ్మాయి. నేను నవ్వానంతే.

ఇది చదివి ఆ అమ్మాయే అంది: "నువ్వు నవ్వలే తాతా, గురక పెట్టినవ్. గా తప్పు చూసినంకనే మాకు పాఠం సమజైంది. గందుకే అందరం చేరినం."