మిద్దె మీది కమ్మీలు

మా నాయన బేల్దారి మేస్త్రి. బత్తలపల్లె చుట్టుపక్కల ఆయన కట్టిన ఇళ్లన్నిటికీ ఒకటే గుర్తు, మిద్దె మీద మూలమూలనా పైకి లేచి ఉండే ఇనుప కమ్మీలు. రేపు పై అంతస్తు వేసేటప్పుడు స్తంభాలు అతికించడానికి వదిలేవి అవి. వేసే స్తోమత ఉన్నా లేకపోయినా ప్రతి ఇంటివాడూ వదిలిస్తాడు. మా ఇంటి మీదా ఉన్నాయి. పైన నాకొక గది వేస్తానని నాయన నా పదో తరగతి నుంచీ చెబుతూ వచ్చాడు. ఏటా వానలకు ముందు, తుప్పు పట్టకుండా వాటికి సిమెంటు పాలు పూసేవాడు. వానలు రాని ఏడు కూడా పూసేవాడు.

నేనూ ఇళ్లే కట్టాను, కాకపోతే కంప్యూటర్లో. డిగ్రీ చదివి ఉద్యోగం దొరక్క కూర్చున్న రోజుల్లో ఒక ఆన్‌లైన్ లోకంలో చేరాను. అందులో ఎక్కడెక్కడి మనుషులో బొమ్మల రూపంలో తిరుగుతుంటారు. స్థలం తీసుకుని, అందులో పెట్టుకోవడానికి ఇళ్లూ, శిల్పాలూ, గోడ మీది పటాలూ నాలాంటి వాళ్ల దగ్గర నిజం డబ్బు పెట్టి కొంటారు. ఈ సంగతి చెబితే మా వీధి వీధంతా నవ్వింది. నాయన నవ్వలేదు. పక్కన స్టూలు వేసుకుని, తెర మీద గోడ లేస్తుంటే కళ్లార్పకుండా చూశాడు.

"నీళ్లు యాడివి పాపా? ఆ ఊర్లో బోర్లు పడతాండాయా?"

"ఆడ గోడకు నీళ్లు పట్టే పని లేదు నాయనా."

"ఐతే మనకు పనికొచ్చే ఊరే," అన్నాడు.

అప్పటికే ఆయనకు పని తగ్గిపోయింది. ట్యాంకరు నీళ్లు తోలించుకుని ఇల్లు కట్టే ధైర్యం ఎవరికీ లేదు. అందుకే ఆ పై గది బరువు నేను నెత్తికెత్తుకున్నాను. ఈ ఇళ్లు అమ్మి ఆ గది వేయిస్తాను, అందులో కూర్చుని ఇంకా పెద్దవి కడతాను, ఇదీ నా ఆశ. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

మొదటి ఇల్లు అమ్ముడుపోయిన మర్నాడే కొన్నావిడ మెసేజీ పెట్టింది. ఇల్లు చాలా బాగుంది, కానీ కప్పు మీద ఆ తుప్పు ఇనుము ఏమిటి, తీయడం మరిచిపోయారా అని. తల కొట్టేసినట్టయింది. కమ్మీలు లేని ఇల్లు కూడా ఉంటుందని నాకు తట్టనే లేదు! తుప్పు రంగు కుదరడానికే రెండు రోజులు పట్టింది నాకు. అన్నీ తీసేశాను. సాయంత్రం అది చూసి నాయన ముఖం మాడ్చుకున్నాడు.

"ఎవురు కోసినారు?"

"కొన్నామె వద్దనింది. ఆడ ఎవరూ పైకి కట్టుకోరు నాయనా. చాలకపోతే ఇంకో ఇల్లు కొంటారు."

"కోస్తే ఆ ఇంటి పని ఇంగ అయిపోయినట్టే కదమ్మా," అని లేచి వెళ్లిపోయాడు.

ఆయన కోసం ఒక ఇల్లు కట్టి అమ్మకుండా ఉంచుకున్నాను. అచ్చం మా ఇల్లే, పైన గదితో. ఆ గది మీద మళ్లీ కమ్మీలు. నాయనకూ ఒక బొమ్మ చేసి, రోజూ మెట్లెక్కించి పైకి తీసుకుపోయేదాన్ని.

రెండేళ్లు బాగానే నడిచింది, కానీ వచ్చింది వచ్చినట్టు ఇంటి ఖర్చులకే పోయింది, గది దాకా రాలేదు. తర్వాత ఆ లోకంలో జనం పలచబడ్డారు. నేను కట్టిన వీధిలో నా బొమ్మ ఒక్కటే తిరిగేది. ధర తగ్గించాను, ఊరికే ఇస్తానన్నాను, అడిగిన పాపాన పోయినవాళ్లు లేరు. చివరికి దాన్ని నడిపేవాళ్లు ఫలానా రోజు మూసేస్తున్నామని రెండు ముక్కలు రాసి పడేశారు. అక్కడ కట్టినవి బయటికి తెచ్చుకునే వీలు కూడా లేదు.

మూసేది వాళ్ల దేశపు అర్ధరాత్రికి, అంటే మనకు మిట్టమధ్యాహ్నం. నాయనా నేనూ మా బొమ్మలను ఆ పై గదిలో నిలబెట్టి, చూస్తూ కూర్చున్నాం. ఉన్నట్టుండి తెర బూడిద రంగుకు తిరిగింది.

"కరెంటు పోయిందేమో," అన్నాడు నాయన. నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది.

ఆయన ముందే ఏడ్చాను. సిగ్గనిపించలేదు.

నెల తిరిగాక, వానలకు ముందు, నాయన ఎప్పటిలాగే బకెట్లో సిమెంటు పాలు కలిపాడు. కుంచె పట్టుకుని నిచ్చెన దగ్గర ఆగిపోయాడు. ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగని మనిషి నా వైపు తిరిగాడు.

"పూయాల్నా పాపా?"

ఊఁ అని ఉంటే ఇంకో ఏడు గడిచిపోయేది. నాకు ఆయనతో అబద్ధం ఆడే ఓపిక లేకపోయింది.

"వద్దులే నాయనా."

ఆయన కలిపింది గట్టిపడి పాడవుతుందని, బట్టలుతికే బండ పగులుకు పూసేసి, నిచ్చెన తీసి గోడ వారగా పడుకోబెట్టాడు.