ఏడుంబావు ఫోన్

2022 జూన్‌లో నాకు ఇబ్రహీంపట్నం మండలంలో నాలుగు సర్కారు స్కూళ్లు అప్పగించారు. నా ఉద్యోగానికి కాగితం మీద పెద్ద పేరే ఉంది గానీ అందరూ రిసోర్స్ టీచర్ అంటారు. నాకంటూ ఒక తరగతి ఉండదు. చదువులో వెనకబడ్డ పిల్లల పక్కన బెంచీ మీద కూర్చొని, వాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో వెతకడమే నా పని. రోజుకో స్కూలు చొప్పున బస్సులు మారుతూ తిరిగేదాన్ని. భుజాన ఒక సంచి, అందులో రంగు చార్టులు, స్కెచ్ పెన్నులు. అప్పటికే పదకొండేళ్ల సర్వీసు. నాకు అంతుపట్టని పిల్ల ఉండదని కాస్త పొగరు కూడా ఉండేది, దాచుకోవడం ఎందుకు.

కొంగరకలాన్ వైపు ఉన్న హైస్కూల్లో లెక్కల సార్ నాకు అఖిలను చూపించాడు. ఎనిమిదో తరగతి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ కిటికీ వైపు చూస్తూ ఉండే పిల్ల. "అడిగితే జవాబు చెప్తది మేడం. ఇంటికాడ రాసుకొని రమ్మంటె రాదు. కాపీ ఏదంటె తెల్వదు, పరీక్ష ఎప్పుడంటె తెల్వదు" అన్నాడు సార్. కోపంగా కాదు, విసిగిపోయి అన్నాడు.

ఆ పిల్ల బ్యాగు బెంచీ మీద గుమ్మరించాను. సోషల్ నోట్‌బుక్కులు మూడు, ఒక్కోదాంట్లో రెండేసి పేజీలు. పోయిన ఏడాది తెలుగు వాచకం ఉంది. లెక్కల పుస్తకం లేదు. అడుగున పురికొస ఉండ ఒకటి. దాన్ని చెత్త అనుకొని నా చేతులతో నేనే కిటికీలోంచి పారేశాను. అఖిల ఆ ఉండ పడ్డ వైపే చూసింది.

మా వృత్తిలో ఎగ్జిక్యూటివ్ ఫంక్షనింగ్ అనే మాట ఉంది. ఏ పని ముందు, ఏది తర్వాత, ఎప్పుడు మొదలుపెట్టాలి, మధ్యలో ఏది మరవకూడదు అని మెదడు తనకు తాను చెప్పుకోవడం. తెలివి వేరు, ఇది వేరు. అఖిలకు తెలివి నిండుగా ఉంది. లెక్క నోటితో చెబితే వేళ్ల మీదే చేసేది. కానీ "రాయడం మొదలుపెట్టు" అంటే అరగంటైనా పెన్ను మూత తీసేది కాదు. పని మొదలుపెట్టడం అనే ఆ మొదటి అడుగును టాస్క్ ఇనిషియేషన్ అంటాం. చాలామంది పెద్దలు దాన్నే బద్ధకం అంటారు.

నేను చేసిన మొదటి వైద్యం టైమ్‌టేబుల్. ఆరు రంగుల చార్టు, ఇంత పొద్దుకు ఇది, అంత పొద్దుకు అది అని. వాళ్లింటి గోడకు నేనే వెళ్లి అంటించాను. నెల తర్వాత చూస్తే చార్టు గోడ మీద చక్కగా ఉంది, దాని కింద కూర్చొని అఖిల వీధిలోకి చూస్తోంది.

అప్పుడు ఫోన్ మొదలుపెట్టాను. వాళ్ల నాయనమ్మ సత్తమ్మకు బటన్ల ఫోన్ ఒకటి ఉండేది. తండ్రి ట్రాలీ ఆటో తోలుకుంటూ తెల్లారగానే వెళ్లిపోయేవాడు. తల్లి ఫ్యాక్టరీ క్యాంటీన్లో పొద్దుటి షిఫ్టు. అందుకని రోజూ ఏడుంబావుకు నేను ఫోన్ చేసేదాన్ని. స్నానమైందా, జడలు అయ్యాయా, ఇప్పుడు బ్యాగు తెరువు, ఈరోజు సైన్స్ ఉంది, పుస్తకం పెట్టావా. పది నిమిషాల పని. సాయంత్రం మళ్లీ ఇంకో పది నిమిషాలు.

మందు పనిచేసినట్టే పనిచేసింది. రెండు నెలల్లో అఖిల బ్యాగులో సరైన పుస్తకాలు కనిపించాయి. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి నోట్సు పూర్తయ్యేది. లెక్కల సార్ నన్ను స్టాఫ్ రూమ్‌లో పిలిచి మరీ చాయ్ తాగించాడు. మండల మీటింగులో ఆ పిల్ల గురించి నేను గొప్పగా మాట్లాడాను. ఒక సంగతి మాత్రం అక్కడ చెప్పలేదు. పిల్లలు లేనిదాన్ని నేను. పొద్దున్నే ఫోన్లో "ఆఁ టీచర్" అని నిద్ర గొంతు వినపడితే ఆ రోజంతా నాకు పండగలా ఉండేది. ఆదివారాలు ఏమీ తోచేది కాదు.

తొమ్మిదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షలప్పుడు నా ఫోన్ తెర నల్లబడింది. సాయంత్రం షాపులో ఇచ్చి, మర్నాడు మధ్యాహ్నం తీసుకుందాంలే అనుకున్నాను. మర్నాడు పొద్దున లెక్కల పరీక్ష. ఆ ఒక్క పూటకు ఏమవుతుందిలే అని పక్కింటి ఫోన్ కూడా అడగలేదు.

అఖిల పరీక్షకు రాలేదు.

సత్తమ్మ ఆకుకూరల గంప ఎత్తుకొని వాడలో తిరిగి పదిన్నరకు ఇల్లు చేరేసరికి మనవరాలు గడప మీద కూర్చొని ఉందట. యూనిఫాం వేసుకుంది. ఒక జడ వేసుకుంది. రెండో వైపు జుట్టు అలాగే విరబోసి ఉంది. ఒళ్లో ఫోన్. పరీక్ష మర్నాడు సాయంత్రం నేను వాళ్లింటికి వెళ్లి ఎందుకు రాలేదని అడిగితే, నన్ను వింతగా చూసి, "మీ ఫోన్ రాలే గద టీచర్" అంది.

ఆ మాటలో తప్పు పట్టడం లేదు, బుకాయింపు లేదు. వాన రాలేదు, విత్తనం వేయలేదు అన్నంత మామూలుగా చెప్పింది.

తండ్రి ఆ సాయంత్రం ఇంట్లోనే ఉన్నాడు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. బాలాపూర్‌లో తన చెల్లెలికి టైలరింగ్ షాపు ఉందని, పిల్లను అక్కడ పెడతానని అన్నాడు. పరీక్షనే మరిచిపోయే పిల్లకు చదువెందుకని ఆయన ప్రశ్న. నేను చాలాసేపు బతిమాలాను. చివరికి, "ఎండాకాలం దాంక చూస్త మేడం. అప్పటికి దానంతల అది చదువుకున్నదా సరి, లేకుంటె నన్ను ఆపొద్దు" అన్నాడు.

ఆయన లోపలికి వెళ్లాక సత్తమ్మ నన్ను వదల్లేదు. గోడకు ఆనుకొని తమలపాకు నములుతూ అంతా వింటూనే ఉందామె. "దాని యాదంతా నీ దగ్గరనే పెట్టుకుంటివి పంతులమ్మా. ఇగ అది యాడికెల్లి తెచ్చుకోవాలె?" అంది.

ఇన్నేళ్ల సర్వీసులో నన్ను అంత సూటిగా ఎవరూ పట్టుకోలేదు. మా పుస్తకాల్లో ఫేడింగ్ అని ఒక పాఠమే ఉంది. పిల్లకు ఇచ్చిన సాయాన్ని కొంచెం కొంచెంగా వెనక్కి తీసుకోవడం అని అర్థం. శిక్షణ తరగతుల్లో ఆ పాఠం ఇతరులకు చెప్పినదాన్ని నేను. నా దగ్గరికి వచ్చేసరికి ఆ పాఠం గుర్తుకు రాలేదు. గుర్తుకు రాలేదనడం కూడా అబద్ధమే. ఆ ఫోన్ మానడం నాకు ఇష్టం లేకపోయింది.

అఖిల నన్ను ఇంటి వెనక్కి తీసుకెళ్లింది. వాళ్లకున్న చేను రెండేళ్ల కింద ప్లాట్లయింది. మిగిలింది ఇంటి వెనక జానెడు స్థలం, అందులో రెండు మళ్ల పాలకూర, ఒక మడి కొత్తిమీర. ఆ పిల్ల కూర్చోవడమే ఆలస్యం, చేతులు వాటంతట అవే కదిలాయి. ముదురాకు కోయడం, పిడికెడు పట్టడం, కాడలు సమంగా తట్టడం, పురికొసతో రెండు చుట్లు చుట్టి ముడేయడం, నీళ్లు చల్లి గోనె కింద పెట్టడం. ఏది ముందో ఏది తర్వాతో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక్క కట్ట మరిచిపోలేదు. చార్టులు పట్టుకొని ఏడాదిన్నరగా నేను నేర్పాలని చూసిందంతా ఆ వేళ్లలో ముందే ఉంది.

"ఇదెట్ల యాదుంటది నీకు?" అని అడిగాను.

"చేను ఉన్నప్పుడు నాకెవ్వరు చెప్పకపోతుండె టీచర్. ఆకును చూస్తె తెలుస్తుండె. కట్ట గట్టినమంటె అయిపోయినట్టు, గట్టకపోతె ఉన్నట్టు." చేను ఉన్న వైపు చూసింది. అక్కడ ఇప్పుడు తెల్ల రంగు రాళ్లు వరుసగా పాతి ఉన్నాయి. "బుక్కులన్ని ఒక్కతీరే ఉంటయి. అయినయో కాలేదో చూస్తె తెల్వదు" అంది. తర్వాత, అంతకన్నా చిన్న గొంతుతో, "నాకు చేనుకు పోబుద్ధయితది" అంది.

పక్కన కూర్చొని నేనూ నాలుగు కట్టలు కట్టాను. నావి వదులుగా ఉన్నాయని విప్పి మళ్లీ కట్టింది. ఆ బ్యాగులోని పురికొస ఉండ గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ మాట ఆమెకు చెప్పి క్షమించమని అడిగాను. "ఇంట్ల మస్తుంది టీచర్" అని నవ్వింది.

ఆ తర్వాత నేను చేసిందల్లా తగ్గించుకోవడమే. మొదట ఫోన్ రోజు విడిచి రోజు. అదీ ఏం చేయాలో చెప్పకుండా, "తర్వాతేంది?" అని ఒక్క మాట అడిగి ఊరుకునేదాన్ని. ఆ తర్వాత వారానికి ఒకసారి. సంక్రాంతి సెలవులు అయ్యాక మానేస్తానని చెప్పాను. చెప్పినరోజు అఖిల తలూపింది, అంతే.

మానేసిన మొదటి వారం నేను పడ్డ అవస్థ ఏ రిపోర్టులోనూ రాయలేదు. ఏడుంబావు అయ్యేసరికి చేయి ఫోన్ మీదికి వెళ్లేది. నంబరు నొక్కి, మోగకముందే కట్ చేసేదాన్ని. పాలు పొంగిపోయినా తెలిసేది కాదు. ఆ పిల్ల ఒక జడతో గడప మీద కూర్చొని ఉంటుందేమోనని ప్రాణం కొట్టుకునేది. ఇంకో భయం కూడా ఉండేది, అది చెప్పుకోవడానికి సిగ్గు. అలా కూర్చోకపోతే, ఇక నాతో పనే లేకపోతే ఎలా అని.

శుక్రవారం ఆ స్కూలుకు వెళ్లాను. అఖిల రెండు జడలతో వచ్చింది. బ్యాగు తెరిచి చూపించింది. ఏ సబ్జెక్టుకు ఆ సబ్జెక్టు, వాచకం, నోట్‌బుక్కు కలిపి పురికొసతో రెండు చుట్లు చుట్టి కట్టలు కట్టి ఉన్నాయి. ఒక్క ఇంగ్లీషు కట్టకే ముడి లేదు, తాడు వదులుగా వేలాడుతోంది. ఎందుకని అడిగితే, "అది ఇంక రాసేదుంది టీచర్, అయినంకనే ముడేస్త" అంది. నేను ఒక్క మాట చెప్పలేదు, ఒక్క చార్టు గీయలేదు. పిల్లలంతా ఆ కట్టలను చూసి కూరగాయల అంగడి అని ఎగతాళి చేశారు. తను పట్టించుకోలేదు.

ఎండాకాలానికి తొమ్మిది పాసయింది. తండ్రి బాలాపూర్ మాట మళ్లీ ఎత్తలేదు. అదే వేసవిలో నన్ను అబ్దుల్లాపూర్‌మెట్ వైపు స్కూళ్లకు మార్చారు. పదో తరగతి ఏడాదంతా ఆ పిల్ల దగ్గర్నుంచి ఒక్క ఫోన్ రాలేదు. నేనూ చేయలేదు. చేయకూడదని నాకు నేనే పెట్టుకున్న కట్టడి. పరీక్షల రోజుల్లో మాత్రం పొద్దున్నే లేచి కూర్చునేదాన్ని, ఎవరో నాకు ఫోన్ చేయాలన్నట్టు. పదిలో మంచి మార్కులతోనే పాసయిందని, వ్యవసాయ డిప్లొమా ఎంట్రన్స్ కూడా రాసిందని లెక్కల సార్ చెప్పాడు.

పోయిన వానాకాలం, ఇబ్రహీంపట్నం బస్టాండులో కనిపించింది. నాకన్నా పొడుగైంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో సర్టిఫికెట్లు, కవరుకు పురికొస రెండు చుట్లు. ఎన్ని అడగాలనుకున్నానో. చేను సంగతి, సత్తమ్మ సంగతి, పొద్దున్నే ఎవరు లేపుతున్నారన్న సంగతి. టీ తాగుదాం రమ్మన్నాను.

"ఇప్పుడు కాదు టీచర్. పదకొండు గంటలకు సీటు కోసం సర్టిఫికెట్లు చూస్తరంట, ఈ బస్సు పోతె అందది" అంది. నా చేయి పట్టుకొని గట్టిగా ఒకసారి నొక్కి, పరుగున వెళ్లి బస్సెక్కింది. కిటికీ దగ్గర కూర్చుంది గానీ బయటికి చూడలేదు. కవరు ముడి విప్పి, కాగితాలు ఒక్కొక్కటే లెక్క చూసుకొని, మళ్లీ ముడేసుకుంటోంది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చే టీచర్లకు ఇప్పుడు నేను మొదటి రోజే ఫేడింగ్ పాఠం చెబుతున్నాను. పిల్లకు సాయం ఎలా చేయాలో పుస్తకంలో ఉంటుంది. మానడం ఎప్పుడో కూడా ఉంటుంది. మానిన తర్వాత మన పొద్దులు ఎలా గడపాలో మాత్రం అందులో లేదు, అది మీ అంతట మీరే నేర్చుకోవాలని చెబుతాను.

ఆ రోజు బస్టాండులో బస్సు కదిలింది. చేయి ఊపుదామని ఎత్తి, దించేసుకున్నాను. తను ఇంకా కాగితాలు చూసుకుంటూనే ఉంది.