పక్కింటి అక్క ఒప్పుకున్న మాట

నా చిన్నప్పుడు పీలమేడు అనే మిల్లుల పేటలో మా ఇంటికీ పక్కింటికీ మాటలు లేవు. కారణం కబడ్డీ. మిల్లు వెనుక మైదానంలో ఆడే బాలికల జట్టులో మా అక్కా, పక్కింటి అక్కా కలిసి పెరిగారు. రాష్ట్ర జట్టుకు ఎంపిక జరిగే ఉదయం మా అక్క వాచిన మోకాలిని గుడ్డ పట్టీ కింద దాచుకుని వెళ్లింది. పక్కింటి అక్క ఆ సంగతి ఆట నేర్పే మాస్టరుకు చెప్పేసింది. మా అక్కను కూర్చోబెట్టి ఆ చోటు పక్కింటి అక్కకిచ్చారు. ఆ ఆటతోనే ఆమెకు పోలీసు ఉద్యోగం వచ్చింది. మా అక్క మళ్లీ మైదానం వైపు వెళ్లలేదు.

"మేలు కోరే చెప్పింది కదా" అని వీధిలో ఎవరన్నా అంటే, మా అమ్మ చేతిలోని చెంబు నేలకేసి కొట్టేది.

కొన్నేళ్లకు నేనూ ఆ జట్టులో చేరాను. అక్కడ ఆడి పైకి వచ్చినవాళ్లకు మాస్టరు ఒక ఆదివారం సన్మానం చేశారు. రైల్వేలో చేరినవాళ్లు, కాలేజీ సీట్లు సంపాదించినవాళ్లు, వాళ్ల మధ్య మెడలో దండతో పక్కింటి అక్క. తరువాత వాళ్లు మా పిల్లలతో సరదాకు ఒక ఆట ఆడారు. ఆమె కూతకు రాగానే నేను ఆమె చీలమండ పట్టి, రక్తం వచ్చేదాకా గోళ్లు దించాను. మాస్టరు నన్ను కొట్టడానికి చెయ్యెత్తారు. ఆమె ఆయన్ను ఆపి, నన్ను కుళాయి దగ్గరికి లాక్కుపోయింది.

"మీ అక్క కోసరమా, పాపా?"

"నువ్వే సెప్పి దాన్ని సెడిపితివి."

ఆమె కాలు కడుక్కుంటూ నా వైపు చూసింది. "అవును. దాని కాలి కోసరం సెప్పినానని అందురూ అంటారు. అది అబద్దము. జట్టులో ఆ ఇడం, ఆ చోటు, నాకు కావాలని సెప్తిని."

క్షమించమని అడగలేదు. నేను క్షమించనూ లేదు. ఇంటికి పరుగెత్తి మా అక్కకు చెప్పాను. బియ్యం ఏరుతున్న అక్క చేతులు ఆగిపోయాయి.

"మేలు సేసిందని అందురూ అంటా ఉంటే, నాకు కోపపడేకి కూడా కాలేదే," అంది. అప్పుడు ఏడ్చింది, అన్నేళ్లకు మొదటిసారి.

నాకిప్పుడు అరవై దాటాయి. ఆ ఇంటితో ఈనాటికీ మాటలు లేవు. మొన్న మా అబ్బాయి ఇల్లు అమ్ముదామన్నప్పుడు, "నీ మంచికే వద్దంటా ఉండాను" అనే మాట నా నోటిదాకా వచ్చింది. మింగేసి, "నాకు ఇష్టము లేదురా, అంతే" అన్నాను. వాడు విసురుగా లేచి వెళ్లిపోయాడు. నేను వెనక్కి పిలవలేదు. నా మీద కోపం తెచ్చుకునే హక్కయినా వాడికి మిగలాలి.