మా ఆఫీసులో శ్రావణి లగ్గం

లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి ఎండాకాలం నన్ను మా డిజైన్ సంస్థ మొయినాబాద్ ఆఫీసుకు స్టూడియో మేనేజర్‌గా వేశారు. స్టూడియో మేనేజర్ గీతలు గీయడు. గీసినవి గడువులోపు గడప దాటేలా చూస్తాడు. ఊరు జలాశయాల దగ్గర ఉండడంతో కొత్త కట్టడాలకు అనుమతి కష్టం కాబట్టి సంస్థ ఒక పాత ఫంక్షన్ హాలు కొని ఆఫీసుగా మార్చుకుంది. భోజనాల హాలు నక్షాలు గీసే స్టూడియో అయింది. పెళ్ళికూతురి గదిలో ప్లాటర్, అంటే పెద్ద నక్షాలు అచ్చువేసే యంత్రం, పెట్టాం. పెళ్ళివేదికకు గాజు తలుపులు బిగించి మీటింగ్ గది చేశాం. మా ప్రిన్సిపల్ ఆర్కిటెక్ట్ సుధగారికి ఆ తలుపులంటే ప్రాణం. నక్షాల మీద చివరి సంతకం ఆమెదే.

ఒక ఉదయం పక్క ఊరు చిన్న మంగళారం నుంచి రైతు బాల్‌రెడ్డి శుభలేఖ పట్టుకుని వచ్చాడు. కూతురు శ్రావణి పెళ్ళికి హాలు పాత యజమానితో నోటిమాట మీద ఖాయం చేసుకున్నాడట. ఆ మహానుభావుడు అమ్మేసి పోతూ ఈ సంగతి మాకూ చెప్పలేదు, అమ్మిన సంగతి ఈయనకూ చెప్పలేదు. పెళ్ళికి రెండు వారాలే ఉంది.

"కార్డులు పంచినం సారు. బోర్డు మారిందని విన్నప్పటి సంది చేవెళ్ల దాంక తిరిగిన. ఒక్క హాలు ఖాళీ లేదు" అన్నాడు.

పెళ్ళి జరిగే వారమే మేము ఒక దవాఖాన నక్షాలు అప్పగించాలి. కుదరదన్నాను. ఆయన కోప్పడలేదు. కార్డు నా చేతిలో పెట్టి, "మీరైతే రావాలె అన్నా. ఏడ చేస్తనో తర్వాత చెప్త" అన్నాడు. నేను ఆ కార్డు తీసుకుని సుధగారి దగ్గరికి వెళ్ళాను.

సుధగారు కోస్తా మనిషి, గడువు విషయంలో గట్టి మనిషి. కార్డు వెనక్కి తిప్పారు. హాలుకు దారి చూపే మ్యాపు ఉంది.

"స్కేలు లేదు, ఉత్తర దిక్కు గుర్తు లేదు. అయినా మన క్లయింట్లకి మనమిచ్చే మ్యాపు కన్నా ఇదే నయమండీ. ఇంతమందికి దారి చెప్పేశాక తలుపేసుకుంటే ఏం బాగుంటుంది?" అన్నారు.

ఆ సాయంత్రమే పెళ్ళి మా ప్రాజెక్టయింది. దవాఖాన నక్షాలు గడువుకు ముందే పంపేశాం; నా ఉద్యోగంలో అలా పోయినవి అవొక్కటే. సర్క్యులేషన్ ప్లాన్, అంటే జనం ఎటు వచ్చి ఎటు పోవాలో చూపే నక్షా, గీసి నేలంతా బాణాలు అతికించాం. వధూవరుల పేర్లు ప్లాటర్ మీద గోడంత అచ్చువేశాం. గాజు తలుపులు సుధగారే దగ్గరుండి విప్పించారు.

పెళ్ళిరోజు ఒక్కరూ మా బాణాల వెంట నడవలేదు. బగారన్నం వాసన వచ్చిన వైపే నడిచారు. మా ఆర్కిటెక్టులు గరిటెలు పట్టుకుని వడ్డించారు, బరాత్ ఊరేగింపులో చెమటలు పట్టేలా ఆడారు. ఉద్యోగంలో నేను అంత సంతోషంగా గడిపిన రోజు మరొకటి లేదు. చేయి కడుక్కుంటూ ఒక పెద్దమనిషి నన్ను పిలిచి, "హాలు మస్తు చేసిండ్రు. మాఘంల డేట్ ఉన్నదా?" అని అడిగాడు.

గాజు తలుపులు మళ్ళీ బిగించలేదు. వేదిక మీద మాట్లాడేది అందరికీ వినపడుతుంది కాబట్టి మీటింగులు తొందరగా ముగిసేవి.

పాత కట్టడం తీసుకునేటప్పుడు దస్తావేజులు చూస్తాం, గోడలు తట్టి చూస్తాం. నేను రిటైరయ్యేదాకా ప్రతి అమ్మకందారునూ ఇంకొకటి కూడా అడిగాను: ఇక్కడికి ఇంకా ఎవరైనా రావలసి ఉందా? ఎవరూ లేరని ఒక్కరూ వెంటనే చెప్పలేకపోయారు.