అన్న చెవిలో నూనె

పడవ ఎక్కిన మొదటి ఉదయం వంటమనిషి పాలపొడితో చాయ్ పెట్టి ఇచ్చాడు. మా అన్న ఒక గుక్క తాగి, కప్పులోకి చూసి, "గిది చాయ్ గాదు తమ్మీ, సున్నపు నీళ్లు" అన్నాడు. అయినా చివరి చుక్క దాకా తాగాడు. శాలిబండలో మా పాల దుకాణం నడిపే మనిషి ఆయన. అలవాటు కొద్దీ బర్రెలు పిండే వేళకు మెలకువ వచ్చేది. అక్కడ పిండడానికేమీ లేదు కనుక పడవ అంచున కాళ్లు వేలాడేసుకుని నీళ్లలోకి చూస్తూ కూర్చునేవాడు.

అది అండమాన్ దీవుల దగ్గర తిరిగే పడవ. సముద్రం అడుగుకు దిగి చూడాలనుకునేవాళ్లు నాలుగు రోజులు దాని మీదే తిని, దాని మీదే పడుకుంటారు. మమ్మల్ని అక్కడికి పంపింది అన్న కూతురు. నయాపూల్ దగ్గర మేము పాలు పోసే ఒక ఇంట్లో, గుమ్మం పక్కనే, చేపలున్న పెద్ద అద్దాల తొట్టి ఉంది. పాలు పోసేశాక కూడా అన్న డబ్బా చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయేవాడు. చిన్నప్పుడు వెంట వెళ్లే కూతురు అది మనసులో పెట్టుకుంది. ఉద్యోగం వచ్చాక తండ్రిని సముద్రంలోకే తీసుకెళ్తానంది. తీరా ప్రయాణం నాటికి ఆమెకు సెలవు దొరకలేదు, ఆ చోటు నాకు దక్కింది. బయలుదేరేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, "బాపుకు తాబేలు సూడాలని మస్తు ఉంది కాకా. ఎట్లనన్న సూపెట్టు" అంది.

చూపించగలననే నమ్మాను. బడి చదువు పదో తరగతితో ఆగిపోయినా, ఆదివారాలన్నీ గ్రంథాలయం బల్లల దగ్గర గడిపినవాణ్ణి. ప్రయాణానికి ముందు సముద్రం గురించి దొరికిన పుస్తకమల్లా చదివాను. లోతుకు పోయేకొద్దీ నీళ్లు చెవి పొరను ఎలా నొక్కుతాయో, ముక్కు మూసుకుని మెల్లగా ఊదితే లోపలి గాలి ఎలా సర్దుకుంటుందో, విమానంలోనే అన్నకు బొమ్మ గీసి చెప్పాను. పక్క సీట్లోని ప్రయాణికుడు కూడా వంగి చూశాడు. నాకు హుషారు వచ్చి బొమ్మ ఇంకాస్త పెద్దది గీశాను.

పడవ మీద చెప్పులు వేసుకోకూడదు. ఎక్కగానే అందరి చెప్పులూ ఒక బుట్టలో వేయించారు. పొద్దున గంట కొట్టగానే అందరం తెల్లబోర్డు ముందు చేరేవాళ్లం. మాకు నేర్పే మాస్టర్ దాని మీద రాళ్లు, చేపలు గీసి, ఎక్కడ దిగేది, ఎక్కడ తేలేది హిందీలో చెప్పేవాడు. పక్కన గాలి సిలిండర్లు నింపే యంత్రం రొద. నీళ్లలోంచి వచ్చాక మంచినీళ్ల తొట్టిలో సామాను కడగడం, బిగుతు రబ్బరు దుస్తులు విప్పుకోవడానికి ఒకరికొకరు సాయపడడం, బిస్కెట్లు, భోజనం, కునుకు. దండెం మీద వేలాడే ఆ నల్లటి దుస్తులను చూసి అన్న, "మన బర్రెలు నీళ్లలకెల్లి లేసినట్టే ఉన్నయి" అని నవ్వేవాడు.

మొదటి రోజు లోతు లేని చోట దింపారు. అన్నకు కుడి చెవి నొప్పి పెట్టింది. మాస్టర్ వెంటనే పైకి తెచ్చి, కొత్తవాళ్లకు ఇది మామూలే, రేపు ఇంకా మెల్లగా దిగుదాం అన్నాడు. చెవిలో ఏమీ వేయొద్దని, పొడిగా ఉంచమని కూడా చెప్పాడు. ఆ మాట నేను స్పష్టంగా విన్నాను.

మా ఇంట్లో చెవి నొప్పి అంటే వెల్లుల్లి వేసి కాచిన నూనె. తలస్నానం రోజున అమ్మ మా ఇద్దరినీ వంతులవారీగా ఒళ్లో పడుకోబెట్టుకుని చెవిలో పోసి, పైన అరచెయ్యి మూసేది. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక వంటమనిషిని అడిగి గరిటెలో కొంచెం కొబ్బరినూనె కాచాను. ఎండిన తోలు బిగుసుకుంటుంది, నూనె రాస్తే సాగుతుంది. చెవి పొరా తోలే కదా అని, నేను చదివిన బొమ్మకూ అమ్మ అలవాటుకూ ముడి వేసేశాను.

"మాస్టర్ వద్దన్నడు గద తమ్మీ?" అన్నాడు అన్న.

"ఆయనకు మన నూనె సంగతి ఏం తెల్సన్నా. నేను సదివిన."

అన్న నా ఒళ్లో తల పెట్టి కళ్లు మూసుకున్నాడు. నూనె పోసి పైన అరచెయ్యి మూశాను. కొంచెంసేపటికి, "అమ్మ చెయ్యి లెక్కనే ఉన్నది" అన్నాడు.

తెల్లారేసరికి ఆ చెవి వినపడలేదు. నీళ్లలో తల ముంచీ ముంచగానే ముఖం నొప్పితో వంకర పోయింది. మాస్టర్ పైకి తెచ్చి టార్చి వేసి చూశాడు. లోపలి గులిమి నానిపోయి, ఉబ్బి, దారంతా మూసేసిందట. పైన నూనె మెరుస్తోంది. ఇది ఎవరు పోశారని గట్టిగా అడిగాడు. జవాబు చెప్పడానికి నాకు వ్యవధి లేదని అనలేను. కావలసినంత ఉంది. నేను సిలిండర్ బెల్టు సరిచేసుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

"నేనే పోసుకున్న సార్" అన్నాడు అన్న. "మా దిక్కు అలవాటు."

పక్కన, మాతోపాటు వచ్చిన కొత్తగా పెళ్లైన జంట నవ్వు ఆపుకున్నారు. ఇక ఈ ప్రయాణంలో నీళ్లలోకి దిగడం లేదని, ఒడ్డుకు చేరాక డాక్టరుకు చూపించుకోవాలని మాస్టర్ తేల్చేశాడు. అన్న రబ్బరు దుస్తులు తానే విప్పుకుని, కడిగి, దండెం మీద ఆరేశాడు.

చివరి రోజు నేనూ దిగనన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "ఇద్దరం పైన కూసుంటే బిడ్డకు ఏం జెప్తం? నువ్వన్న పోయి సూడు" అన్నాడు.

దిగాను. పగడపు రాయి వెనక నుంచి తాబేలు వచ్చింది. తొందర ఏమీ లేదు దానికి. రెక్కలు ఒక్కసారి కదిపి, చాలాసేపు ఊరికే జారుతూ, నా మోకాళ్ల కింది నుంచి పోయింది. ఆ కాసేపు అన్న నాకు గుర్తుకే రాలేదు. గుర్తొచ్చింది పైకి తేలి, పడవ అంచున చెయ్యి చాచి నిలబడ్డ ఆయనను చూశాకే.

"అవుపడ్డదా?"

"లేదన్నా. నీళ్లు మస్తు మసక ఉన్నయి" అన్నాను.

భోజనాల దగ్గర ఆ కొత్త జంట తాబేలు గురించే మాట్లాడారు. సార్ కాళ్ల కిందనుంచే పోయిందని నన్ను చూపించారు. అన్న కలిపిన ముద్ద పళ్లెంలోనే ఉంచి నా వైపు చూశాడు. అందరూ లేచాక నా పక్కకు జరిగాడు. "అబద్ధమెందుకు తమ్మీ? సూసినోనివి సక్కగ జెప్పు" అన్నాడు. చెప్పాను. ఎలా వచ్చిందో, ఎలా తిరిగిందో, అన్నీ అడిగాడు. వినపడే చెవి నా వైపు తిప్పి విన్నాడు.

ఇంటికి వచ్చిన సాయంత్రం కూతురు ఆఫీసు బ్యాగు కూడా దించకుండా, తాబేలును చూశావా బాపూ అని అడిగింది.

"సూసిన బిడ్డా" అన్నాడు అన్న. రాయి వెనక నుంచి వచ్చిందని, తొందర లేదని, మోకాళ్ల కింది నుంచి పోయిందని, నా మాటలే ఒక్కటీ పోకుండా చెప్పాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నా వైపు తిరిగి, థాంక్స్ కాకా అంది.

చెవి నెలలోపే బాగైంది. అన్న ఇప్పుడు పాలకు వచ్చినవాళ్లకు కూడా ఆ తాబేలు గురించి చెబుతాడు. గల్లా దగ్గర కూర్చుని నేను వింటూ ఉంటాను. మొన్న ఒకాయన దాని డిప్ప రంగు అడిగాడు. అన్న లీటరు కొలత పాలక్యాన్‌లో ముంచి, అలాగే ఆగి, నా వైపు చూశాడు.

"ఏం రంగు ఉండె తమ్మీ? యాదికస్తలేదు."

"గోధుమరంగు" అన్నాను. "అంచులకు పసుపు."

"ఆఁ, పసుపు" అని అన్న పాలు పోశాడు.